దూది లేని విల్లు

టంయ్... టంయ్... టంటంయ్.

మొదట ఆ చప్పుడే వచ్చింది. మనిషి తరువాత. కార్తీకంలో ఒక మధ్యాహ్నం, కాలువ నీళ్ళు ఎండని మోసుకుంటూ మెల్లగా పోతున్న వేళ, అవతలి ఒడ్డు పేటలోంచి ఎవరో పెద్ద తీగని మీటినట్టు వినిపించింది. అది ఆగకముందే ఇంకోసారి. కాసేపటికి ఆ తీగ గొంతు బొంగురుపోయింది. బుమ్, బుమ్ అని, తలుపులన్నీ వేసుకుని లోపల ఎవరో గుండెలు బాదుకుంటున్నట్టు.

అది 2004. ఆ ఊరి బడికి బదిలీ అయి, లాకుల పక్కన అద్దెకి దిగి నాలుగు నెలలయింది. పాలు పోయడానికి వచ్చిన వీరవేణిని అడిగాను, ఏమిటా చప్పుడని.

"దూదేకులాయనండి. రాజమండ్రి నించి వత్తాడు. మరిడమ్మ ఇంటికి."

"తరచూ వస్తాడా?"

"ఆయ్. పదేను రోజులకోసారి వత్తాడు. అదే పరుపు, అదే దూది." ఆమె చెంబు బోర్లించి నవ్వింది. "అరిగిపోదాండీ పాపం, ఆ దూది?"

ఆ మాట ఎంత నిజమో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

అప్పటికి ఊళ్ళలో విల్లు భుజాన వేసుకు తిరిగే దూదేకులవాళ్ళు కనబడటం మానేసి చాలా ఏళ్ళయింది. ఎవరికైనా పరుపు గట్టిపడితే రిక్షా మీద వేసి రావులపాలెం పంపేవారు. అక్కడ మిషను అరగంటలో ఏకి పడేసేది. మరి ఈ మనిషి రెండు బస్సులు మారి, నిలువెత్తు విల్లు మోసుకుని, ఒకే ఒక్క ఇంటికి ఎందుకు వస్తున్నాడు? నా పరుపొకటి ఏకించాలన్న వంకతో లాకు వంతెన దాటి వెళ్ళాను.

మరిడమ్మ ఇల్లు పేటలో చివరిది, చర్చి ప్రహరీకి ఆనుకుని. వాకిట్లో గోనెపట్టా పరిచి, దాని మీద తెల్లటి దూది గుట్ట పోసి, దాని ముందు గొంతుకూర్చుని ఉన్నాడతను. నలభై ఏళ్ళుంటాయి. బక్కమనిషి. కనుబొమల మీదా చెవుల మీదా దూది నూగు పట్టి, తెల్లారగట్ట మంచులోంచి నడిచొచ్చినవాడిలా ఉన్నాడు. విల్లుని దూది మీదికి వంచి, చెక్క గుబ్బతో నారిని కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా దూది లేచి, విచ్చుకుని, మళ్ళీ వాలుతోంది. ఐదడుగుల దూరంలో, తాటాకు వసారాలో, నవారు మంచం మీద ఒకతను పడుకుని ఇటే చూస్తున్నాడు. అతని దేహంలో మిగిలినవి ఆ కళ్ళే.

"ఒరే వలీ," అన్నాడు మంచం మీదతను, "అది పరుపనుకున్నావా, నీ బావమరిది వీపనుకున్నావా? కాస్త నెమ్మదిగా బాదు."

"నువ్వు నోర్మూసుకు పడుకోవయ్యా క్లారినెట్టూ. నీవల్ల తాళం తప్పుతున్నాను."

"నీకు తాళం కూడానా! రెండు మోతలు తప్ప మూడోది రాదు నీ విల్లుకి."

"మూడోది నువ్వు వాయించు, లేచి కూర్చుని."

మంచం మీదతను నవ్వబోయాడు. నవ్వు మధ్యలో దగ్గయింది. దగ్గు చాలాసేపు ఆగలేదు. అంతసేపూ విల్లు గాల్లోనే ఆగిపోయింది.

లోపల్నించి మరిడమ్మ గ్లాసులతో వచ్చింది. "ఇద్దరికిద్దరూ! ఆడికి ఊపిరాడదు, ఈడికి నోరాగదు. టీ తాగండి."

నా పరుపు సంగతి అడిగాను. అతను లేచి నిలబడి చేతులు దులుపుకున్నాడు. "అయ్యో మాస్టారూ, ఇవాళ కుదరదండి. ఈ ఒక్కటే సాయంత్రం దాకా పడుతుందండి." గుట్ట చూస్తే ఒంటి మనిషి పరుపు. రెండు గంటల పని. అతను పన్నెండుకి మొదలుపెట్టి, ఆఖరి బస్సు వేళకి ముడి వేశాడు.

అతని పేరు మీరావలి. మంచం మీదతను అబ్రహాము. వాళ్ళిద్దరి కథ నాకు ఒక్కసారిగా తెలియలేదు. కొంత లాకు గోడ మీద, కొంత బస్సుల కోసం ఎదురుచూస్తూ, కొంత చాలా ఆలస్యంగా.

మీరావలి పుట్టింది ఆత్రేయపురంలో, పూతరేకులు చేసే ఇళ్ళ వెనక సందులో. కుండల మీద రేకులు తీసే ఆడవాళ్ళకి చేతులు తేలిగ్గా కదలాలి. దూదేకే వాళ్ళకి మణికట్టు గట్టిగా ఆడాలి. ఆ సందులో గోడకి ఇటు ఒక తెల్లదనం, అటు ఒక తెల్లదనం. తండ్రి ఉద్దండు సాహెబు విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఊరివాళ్ళకి వాళ్ళు సాయిబులు. మసీదులో ఉర్దూ మాట్లాడే వాళ్ళకి మాత్రం దూదేకులోళ్ళు, నమాజు నోటికి సరిగా రానివాళ్ళు. పీర్ల పండగకి తండ్రి నిప్పుల్లో నడిచేవాడు. తల్లి అన్నవరం మొక్కుకుంది. మూడో ఏట మీరావలికి పుట్టువెంట్రుకలు తీయించింది ఆ కొండ మీదే.

పందొమ్మిదో ఏట మేనమామ కూతుర్నిచ్చి పెళ్ళి చేశారు. ఏడాది తిరక్కుండానే ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్ళిపోయింది. పెద్దలు కూర్చుని తెగతెంపులు చేశారు. "ఆవిడ తప్పేం లేదండి" అని నాతో మూడుసార్లు అన్నాడు మీరావలి, ఎవరూ ఆవిణ్ణి తప్పు పట్టకపోయినా. "పక్కన పడుకుని రోజూ పైకప్పు చూసేవాణ్ణి. ఆ పిల్ల నా మొహం చూసేది. ఎన్నాళ్ళు చూస్తుందండి?"

ఆ తరువాత విల్లు తీసుకుని రాజమండ్రి చేరి, ఒక రేకుల షెడ్డులో దూది ఏకే పని పెట్టుకున్నాడు.

అబ్రహాము కలిసింది భీమవరం పక్కన శివరామరాజు గారింట్లో పెళ్ళికి. తొంభై ఒకటిలో. ఆ ఇళ్ళలో పెళ్ళికూతురి పరుపు బజార్లో కొనరు. పెళ్ళికి నాలుగు రోజుల ముందు దూదేకులవాణ్ణి పిలిపించి, వాకిట్లో, మగపెళ్ళివారి తరఫు పెద్దావిడ కళ్ళ ముందు కుట్టిస్తారు. పాత దూది కలపలేదని ఆవిడ చేత్తో తడిమి చూసి ఒప్పుకోవాలి. మీరావలి అలా కుడుతుండగా బ్యాండుమేళం ఒకరోజు ముందే దిగింది. అందులో క్లారినెట్టు వాయించేవాడు అబ్రహాము. భోజనాల వేళ బ్యాండువాళ్ళకీ, దూదేకులవాడికీ పశువుల కొట్టం వెనక, గడ్డిమేటు నీడలో విస్తళ్ళు వేశారు.

అబ్రహాము పప్పులో చెయ్యి పెట్టి అన్నాడట: "పరుపు కుట్టేది నువ్వు. పెళ్ళికొడుకుని దాని దాకా ఊరేగించుకొచ్చేది నేను. మనిద్దరం గడ్డిమేటు కింద."

మీరావలికి మింగుతున్న ముద్ద గొంతులో అడ్డంపడింది. నవ్వో, మరేదో, అతనికే తెలియలేదు. ఆ గడ్డిమేటు కింద మొదలైంది పదమూడేళ్ళు సాగింది. అబ్రహాము కూడా రాజమండ్రిలోనే బ్యాండువాళ్ళతో కలిసి ఒక గదిలో ఉండేవాడు. ముహూర్తాల్లేని రోజుల్లో మీరావలి షెడ్డులో, దూది గుట్ట మీద, ఇద్దరూ మాట్లాడుకోకుండా కూర్చునేవాళ్ళు. ఆ మౌనమంత మెత్తటిది తాను ఎప్పుడూ ఏకలేదని మీరావలి అన్నాడు.

రెండువేలలో ఒక ఆరోగ్య సంస్థ రాజమండ్రిలో మేడ మీద గది అద్దెకి తీసుకుంది. జబ్బుల గురించి చెప్పడం, పరీక్షలకి పంపడం వాళ్ళ పని. కానీ వచ్చేవాళ్ళకి కావలసింది ఆ గది. తలుపు వేసుకుంటే లోపల ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఆడవాళ్ళని ప్రేమించలేని మగవాళ్ళు ఇంతమంది ఉన్నారని, వాళ్ళలో ట్యూషను మాస్టార్లూ, కొబ్బరి వర్తకులూ, బస్సు కండక్టర్లూ ఉన్నారని మీరావలికి తెలిసింది అక్కడే. ఆ గదికి పెద్ద బుజ్జిబాబు. భూములున్న ఇంటి మనిషి. పెద్ద నవ్వు, పెద్ద మనసు. మీరావలి మెట్లెక్కుతుంటే పైనుంచే కేక వేసేవాడు, "రావోయ్ సాయిబూ! ఇవాళ బిర్యానీ ఏదీ?" అని. మీరావలి ఇంట్లో పండగకి కూడా పులిహోరే చేస్తారని అతనికి తెలియదు. అబ్రహాముని "ఫాదరూ" అనేవాడు. కొండరెడ్ల కుర్రాడు సోమిరెడ్డి ఏజెన్సీ నుంచి వచ్చి ఒక మెస్సులో అంట్లు తోమేవాడు. అతను నోరు తెరిస్తే చాలు, యాసకి గదంతా పడీపడీ నవ్వేది. అందులో చెడ్డ ఉద్దేశం లేదు. అందుకే తిరిగి ఏమీ అనడానికి వీలయ్యేది కాదు.

మరుసటి ఏడు అందరూ కలిసి వ్యాను మాట్లాడుకుని అన్నవరం వెళ్ళారు. పదిహేడు మంది. కొండ కింద వ్యాను దిగాక, బుజ్జిబాబు మీరావలి, అబ్రహాము, సోమిరెడ్డిల భుజాల మీద చేతులు వేసి చాలా ప్రేమగా అన్నాడు: "మీరెలాగూ పైకి రారు కదా. ఈ చెప్పులు కాస్త చూస్తుంటారా? వచ్చేటప్పుడు ప్రసాదం తెస్తాం."

పైకి రామని వాళ్ళెవరూ అనలేదు. మీరావలి తల్లి ఆ మెట్లన్నీ పసుపు రాసుకుంటూ ఎక్కింది, వీణ్ణి చంకనేసుకుని. అబ్రహాము తల్లికి బాప్తిస్మం ఇచ్చి నలభై ఏళ్ళయినా పేరు ఇంకా మరిడమ్మే. సోమిరెడ్డికి కొండలంటే అసలు భయమే లేదు. అయినా ముగ్గురూ తలలూపి, పద్నాలుగు జతల చెప్పుల దగ్గర కూర్చున్నారు. ఎండ ఎక్కింది. పైన గంటలు వినిపిస్తున్నాయి.

అబ్రహాము ఒక చెప్పుని కాలితో సరిచేస్తూ అన్నాడు, "మన బతుక్కి ఆ మేడ మీద కూడా గడ్డిమేటు ఉందిరా వలీ."

"ఏం చేద్దాం?"

"నీ షెడ్డుందిగా."

అలా మొదలయ్యాయి ఆదివారాలు. చర్చి అయ్యాక, మెస్సులో మధ్యాహ్నం అంట్లయ్యాక, మూడింటికి. మొదట ముగ్గురు. తరువాత పిఠాపురం నుంచి ఒక సాయిబుల దర్జీ, కాకినాడ రేవు నుంచి పడవ పని చేసే ఒకతను, పేటల నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చిపోయేవారు. ఒక్కోసారి తొమ్మిది మంది అయ్యేవాళ్ళు. అక్కడ ఒకటే నియమం, అబ్రహాము పెట్టింది: చెప్పులు బయట వదలకూడదు. లోపలికి తెచ్చి, గోనెపట్టా మీద వరసగా పెట్టాలి. వాటికి కాపలా ఎవరూ ఉండకూడదు.

ఏం మాట్లాడుకునేవాళ్ళని అడిగాను. "ఏముంటుందండి. ఇంట్లో పెళ్ళిచూపులంటే ఒకడు ముందురోజు వచ్చి ఏడ్చేవాడు. సోమిరెడ్డి వాళ్ళ నాన్నకి ఉత్తరం రాయించుకునేవాడు. అబ్రహాము క్లారినెట్టు మీద చర్చి పాటలు వాయిస్తే నేను విల్లు మీద మోత వేసేవాణ్ణి. ఎవడి యాస వాడు మాట్లాడేవాడండి. నవ్వినా ఎవరం పట్టించుకునేవాళ్ళం కాదు, అందరివీ వంకర యాసలే కదా."

2004 శ్రావణంలో, ఒక ఊరేగింపు మధ్యలో అబ్రహాము ఊపిరి తెగిపోయింది. పాట సగంలో ఆగి, క్లారినెట్టులోంచి రక్తం వచ్చింది. పెద్దాసుపత్రిలో టీబీ అన్నారు. దాని వెనక ఇంకొకటి, ఆ మేడ మీది గదిలో హెచ్చరించే జబ్బే, ఉందని గోడ పక్కకి పిలిచి చెప్పారు. మూడు వారాల తరువాత మరిడమ్మ వచ్చి కొడుకుని ఊరికి తీసుకుపోయింది.

ఆ ఆదివారం అందరూ షెడ్డుకి చేరారు. బుజ్జిబాబు కూడా కబురు విని వచ్చాడు. మొదటిసారి ఆ షెడ్డుకి వచ్చి, చెప్పులు బయటే వదిలేసి, ఎందుకు అందరూ తన కాళ్ళ వంక చూస్తున్నారో అర్థంకాక నిలబడ్డాడు. "నేను బండి మీద వెళ్ళి చూసొస్తానోయ్" అన్నాడు.

"బుజ్జిబాబు గారూ, పేటలోకి మీలాంటివాళ్ళు బండి వేసుకొస్తే ఊరంతా గుమ్మాల్లోకి వస్తుందండి" అన్నాడు మీరావలి.

"నానెల్తే ఏటని సెప్పాల? వాడికి నానేటవుతాను?" అన్నాడు సోమిరెడ్డి.

నిజమే. ఎవరేమవుతారు? చుట్టం కాదు, కులం కాదు, చర్చి కాదు, బ్యాండు కాదు. అందరి చూపూ గోడ మీదికి పోయింది. షెడ్డులోకి ఏకే మిషను వచ్చిన దగ్గర్నుంచి అక్కడ వేలాడుతున్న ఉద్దండు సాహెబు విల్లు. ఎవరూ ఎందుకని అడగకుండా మనిషిని ఏ ఇంటి వాకిట్లోకైనా తీసుకుపోయే వస్తువు వాళ్ళందరిలో ఒక్కడి దగ్గరే ఉంది.

అందుకని మీరావలి వెళ్ళేవాడు, తన కోసమూ, వాళ్ళందరి కోసమూ. పక్క ఆదివారం షెడ్డులో అన్నీ చెప్పాలి. ఏం తిన్నాడు, ఎంత దగ్గాడు, ఎవరి మీద జోకు వేశాడు. సోమిరెడ్డి తేనె సీసా పంపేవాడు. గోనెపట్టా మీద అబ్రహాము చెప్పుల చోటు ఖాళీగా ఉంచేవారు.

పేట మొదట్లో నిలబడి మీరావలి నారిని ఒకసారి మీటేవాడు. వచ్చానని చెప్పడానికి. ఆ చప్పుడికి అబ్రహాము మంచం మీద పక్కకి తిరిగి, చొక్కా గుండీలు పెట్టుకునేవాడని మరిడమ్మ తరువాత నాతో చెప్పింది.

ఇంతలో ఒక సంగతి. పరుపుని ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఏకితే దూది పదేళ్ళు నిలుస్తుంది. పదిహేను రోజులకోసారి ఏకితే పోగులు తెగుతాయి. తెగి తెగి నుసి అవుతాయి. దూదేకులవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మూడోసారికే మీరావలి వేళ్ళకి తెలిసింది. కానీ ఏకడానికి దూది లేకపోతే కూర్చోడానికి వాకిలి లేదు. వచ్చినప్పుడల్లా సంచిలో గుప్పెడు కొత్త బూరుగుదూది తెచ్చి కలిపేవాడు, పరుపు పల్చబడినట్టు కనపడకుండా. రెండు గంటల పనిని ఆరు గంటలు చేసేవాడు. ఏకిందే మళ్ళీ ఏకేవాడు. అబ్రహాము కనపడేలా, మాట వినపడేలా, ఐదడుగుల దూరంలో. లేచిన నుసి ఎటు పోతోందో చూడలేదు. చూసేది మొహాన్ని.

మాఘం వెళ్ళాక మందులివ్వడానికి వచ్చే నర్సు ఆ వాకిలి చూసి నిర్ఘాంతపోయింది.

ఆ పక్కసారి మీరావలి వచ్చేసరికి మరిడమ్మ లాకు వంతెన మీదే ఎదురొచ్చింది. నేను గుమ్మంలో ఉన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"అబ్బాయ్, నువ్వు మంచోడివే. నీ దూదే మంచిది కాదు. ఆ నుసంతా ఆడి ఊపిరిలోకి ఎల్తందంట. నర్సమ్మ తిట్టింది నన్ను."

మీరావలి చేతిలోని సంచిని వెనక్కి పెట్టుకున్నాడు. "విల్లు తేనమ్మా. ఊరికే వస్తాను."

"ఊరికే ఏటని వత్తావు నాయనా? ఎవడీ సాయిబు, ఎందుకొచ్చి కూకుంటన్నాడని పేటంతా అడిగితే నేనేటని సెప్పను?" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు తెల్దనుకోకు. నాకు తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ టీ ఇచ్చాను. కానీ ఆళ్ళకి తెలీకూడదు. సచ్చినాక చర్చి తోటలో ఆడికి ఇంత చోటు కావాలి."

అతను వంతెన మీదే ఉండిపోయాడు. ఆమె వెనక్కి వెళ్ళిపోయింది.

పదిహేను రోజులకి మళ్ళీ విల్లు వినిపించింది. ఈసారి దగ్గరగా, నా ఇంటి పక్కనే. బయటికి వచ్చి చూస్తే మీరావలి లాకు గోడ మీద కూర్చుని, కాలువకి అవతల పేట వైపు తిరిగి, ఉత్త నారిని మీటుతున్నాడు. ముందర దూది లేదు. టంయ్, టంయ్. దూది తగలని నారికి బొంగురు ఉండదు. సన్నగా, పదునుగా, నీళ్ళ మీద గీత గీసినట్టు పోయి అవతలి ఒడ్డుని తాకుతుంది. పొలం నుంచి వస్తున్న దొరబాబు అనే రైతు ఆగి, "ఏవయ్యా, తలగడలున్నాయి, వస్తావా?" అని అడిగాడు. "ఇవాళ కాదండి" అన్నాడు మీరావలి. "మరెందుకయ్యా వాయిస్తున్నావు!" అని దొరబాబు నవ్వుకుంటూ పోయాడు.

ఆ గోడ మీదే, ఆ వేసవి మధ్యాహ్నాల్లో, అతను నాతో మాట్లాడాడు. నేనడిగింది తక్కువ. ఆవల ఒడ్డున మంచం మీదున్నవాడికి వినపడని మాటలు ఎవరితోనో ఒకరితో అనాలి కాబట్టి అన్నాడు. ఒకసారి మటుకు నా మొహం చూడకుండా అడిగాడు: "నేనే చంపుతున్నానాండి మాస్టారూ?" జబ్బే చంపుతోందని చెప్పాను. అరచేతిలో గుబ్బని తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఒక్కసారి జవాబు వచ్చింది. వైశాఖంలో, గాలి లేని మధ్యాహ్నం. విల్లు ఆగిన నిశ్శబ్దంలో అవతల నుంచి బాతు అరిచినట్టు ఒక చప్పుడు. పాట కాదు. స్వరమూ కాదు. క్లారినెట్టు మూతి ముక్క ఒక్కటే నోట్లో పెట్టుకుని, ఉన్న ఊపిరంతా ఊదితే వచ్చే చప్పుడు. మీరావలి గోడ మీంచి లేచి నిలబడ్డాడు. రెండోది రాలేదు. "మూడో మోత" అన్నాడు.

మళ్ళీ శ్రావణం వచ్చాక, ఒక ఆదివారం పొద్దున, చర్చి గంట కొట్టే వేళకి అబ్రహాము పోయాడు. సాయంత్రానికి చర్చి తోటలో పూడ్చిపెట్టారు. పాస్టరు గారు చాలా మంచి మాటలు చెప్పారు. బ్యాండువాళ్ళు వచ్చి వాయించారు. కొడుకు కోసం మరిడమ్మ అడిగిన చోటు దొరికింది. అదే వేళకి రాజమండ్రి షెడ్డులో మీరావలి, సోమిరెడ్డి, మిగతావాళ్ళూ అబ్రహాము ఊదిన ఆ మూడో మోత గురించి చెప్పుకుంటున్నారట. ఎవరూ కబురు చెయ్యలేదు. ఎవరికి చెయ్యాలో ఎవరికీ తెలియదు. నా దగ్గరా అతని చిరునామా లేదు.

మంగళవారం టంయ్‌మని విల్లు మోగింది.

నేను వెళ్ళేదాకా మోగుతూనే ఉంది. నేను చెప్పాను. అతను నారి మీద అరచెయ్యి పెట్టి ఆపాడు. చెయ్యి తియ్యలేదు.

"ఎవరు కడిగారండి?" అన్నాడు.

"వాళ్ళ చుట్టాలు."

"చొక్కా ఏం వేశారండి?"

"తెల్లది. బ్యాండు చొక్కా కాదు."

"క్లారినెట్టు?"

"బ్యాండు మేస్త్రి తీసుకెళ్ళాడు."

కాలువలో గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా పోతోంది. చివరికి అడిగాడు, "పరుపు?"

"కట్ట మీద కాల్చారు." ఆ ఊళ్ళో పోయినవాళ్ళ పక్కబట్టలు అలాగే చేస్తారు. నేను చూశాను. ఇలా అంటించారో లేదో, అలా లేచి ఆరిపోయింది.

"నుసి కదండి" అన్నాడు మీరావలి. "తొందరగా అంటుకుంటుంది."

చర్చి తోట గోడ లాకుల దగ్గర్నుంచి కనపడుతుంది. అతను అటు వెళ్ళలేదు. విల్లు భుజాన వేసుకుని, బస్సు రాకముందే రోడ్డు మీదికి నడిచాడు.

ఆ తరువాత ఆరు నెలలు ఏ చప్పుడూ లేదు. మరుసటి ఫాల్గుణంలో నేను పని మీద రాజమండ్రి వెళ్తున్నానని తెలిసి మరిడమ్మ వచ్చింది. చంకలో గుడ్డ మూట. విప్పితే తలగడ. నలుగురూ పరుపు మోసుకుపోయినప్పుడు ఇది ఒక్కటీ బియ్యం డబ్బా వెనక దాచిందట.

"ఆ అబ్బాయికి ఇవ్వండి మాస్టారూ. ఇంక దీన్ని ఏకొద్దని సెప్పండి." గుమ్మం దిగి, మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఆదివారం ఎల్లండి. ఆదివారాలు ఏదో ఉండేదంటగా ఆళ్ళకి."

ఆదివారం మూడింటికి వెళ్ళాను. దారిలో ఆ మేడ కనిపించింది. సంస్థకి గ్రాంటు ఆగిపోయి గదికి తాళం పడి ఉంది. బోర్డు ఉన్న చోట నాలుగు మేకులు మిగిలాయి. గూడ్సుషెడ్డు వెనక వీధిలో రేకుల షెడ్డు తలుపు మాత్రం తెరిచి ఉంది. లోపల మిషను మీద గుడ్డ కప్పి ఉంది. గోడకి విల్లు, నారి ఊడదీసి. తండ్రి పోతే పొలం చూసుకోవడానికి సోమిరెడ్డి కొండలకి వెళ్ళిపోయాడని అంతకుముందే పక్క టీకొట్టువాడు చెప్పాడు. మిగతావాళ్ళు ఒకరి తరువాత ఒకరు రావడం మానేశారట. అబ్రహాము ఏ జబ్బుతో పోయాడో బయటికి పొక్కాక, ఆ షెడ్డులోకి వెళ్తూ కనపడాలంటే భయం.

గోనెపట్టా పరిచి ఉంది. దాని మీద ఒకే ఒక జత చెప్పులు. కొంచెం ఎడంగా, ఒక జత పట్టేంత ఖాళీ.

మీరావలి దూది గుట్టకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కనుబొమల మీది తెలుపు ఇప్పుడు దూదిది కాదు. తలగడ చేతికిచ్చి, మరిడమ్మ మాట చెప్పాను. అతను దాన్ని రెండు చేతులతో తీసుకుని ఒక్కసారి నొక్కి చూశాడు. లోపల ఏముందో అతని వేళ్ళకి తెలుసు. తీసుకెళ్ళి ఆ ఖాళీ దగ్గర, గోడకి ఆనించి పెట్టాడు. నాకు వీపు చూపించి, దాని గుడ్డ మీది ముడతలు సవరిస్తూ నిలబడ్డాడు.

ఇచ్చేసి వెళ్ళిపోదామనే వచ్చాను నేను. అయినా ఒక కాలు చెప్పులోంచి తీశాను. రెండోది తియ్యాలా వద్దా అని గుమ్మంలో ఆగాను. అతను తిరిగి చూశాడు, నా మొహం వైపు కాదు, కాళ్ళ వైపు.

"లోపలికి తెచ్చుకోండి మాస్టారూ. ఇక్కడ చెప్పులు బయట వదలరండి."